సీపీయూ మోసుకుని షాపుకు బయల్దేరే ముందు

డెస్క్‌టాప్ మొరాయించగానే మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. వెనకున్న వైర్లన్నీ పీకేసి, సీపీయూని స్కూటర్ ముందు నిలబెట్టుకుని బెజవాడలో అయితే గవర్నర్‌పేటకో, గుంటూరులో అయితే అరండల్‌పేటకో బయల్దేరడం. అక్కడ షాపు కుర్రాడు తన వైరు గుచ్చి, తన మానిటర్ తగిలించి స్విచ్ వేస్తాడు. అది ఠక్కున ఆన్ అవుతుంది. ‘ఏం లేదండీ, బానే ఉంది’ అని చెకింగ్ చార్జీ తీసుకుంటాడు. ఇంటికొచ్చి మళ్లీ తగిలిస్తే మళ్లీ అదే వరస. ఎందుకంటే తప్పు సీపీయూలో లేదు, ఇంట్లోనే ఉండిపోయింది. ప్లగ్గులోనో, యూపీఎస్‌లోనో, మానిటర్ కేబుల్‌లోనో.

అందుకని ఏ సమస్య వచ్చినా వెతకడం బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లండి. గోడ స్విచ్, వైరు, మానిటర్, ఆ తర్వాత విండోస్, చిట్టచివర పెట్టె లోపలి సామాను. ఇంకో మాట, ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్ మార్చి, ర్యామ్ పీకి, డ్రైవర్ తీసేసి, మూడూ ఒకేసారి చేశాక మెషిన్ బాగుపడితే దేని వల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అదే వస్తే మళ్లీ మొదటికే.

అసలు లైటే వెలగకపోతే

ముందు గోడ ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. చార్జ్ అవుతుంటే కరెంటు ఉన్నట్టే. తర్వాత యూపీఎస్‌నీ ఎక్స్‌టెన్షన్ బోర్డునీ పక్కన పెట్టి, సీపీయూ వైరు నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చండి. ఇప్పుడు ఆన్ అయితే దొంగ దొరికినట్టే, ఎక్స్‌టెన్షన్ బోర్డైనా పాడై ఉండాలి, యూపీఎస్ బ్యాటరీ అయినా అయిపోయి ఉండాలి. ఇళ్లల్లో వాడే చిన్న యూపీఎస్‌లో మామూలుగా 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లు పనిచేస్తుంది, మన ఎండలకు ఇంకా ముందే పోవచ్చు. యూపీఎస్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, చాలాసార్లు బ్యాటరీ ఒక్కటి మార్చితే చాలు. అన్నట్టు, లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కు ఎప్పుడూ తగిలించకండి. డ్రమ్ పక్కనున్న హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

నేరుగా పెట్టినా ఆన్ కాలేదా? సీపీయూ వెనక, వైరు దూరే చోట పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు నిలువు గీత, ఇంకోవైపు సున్నా. ఇల్లు తుడిచేటప్పుడు చేయి తగిలి సున్నా వైపు పడిపోవడం మామూలే. గీత వైపుకు నొక్కండి. ఆ తర్వాత వైరు మార్చి చూడండి. మానిటర్ పవర్ వైరు, సీపీయూ పవర్ వైరు చాలావరకు ఒకే రకం, అటుదిటు మార్చి చూస్తే చాలు, కొత్తది కొనక్కర్లేదు.

ఇంకా కదల్లేదంటే వైరు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ని పదిహేను సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిపోయిన చార్జ్ దిగిపోతుంది. కరెంటు ఠపీమని పోయి వచ్చాక బిగుసుకుపోయిన మెషిన్లు ఈ ఒక్క పనితో లేవడం మామూలే. దీనికీ లేవకపోతే పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్, పోయిందని అనుకోవచ్చు. దాన్ని మీరు విప్పకండి. వైరు పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఇదే చోట ఇంకోటి చెప్పాలి. సీపీయూ ఇనప రేకు మీద చేయి పెడితే జివ్వుమంటోందా? పాత ఇళ్లల్లో, అద్దె గదుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదలాలి, దారి లేక అది రేకు మీదకే వస్తుంది. కంప్యూటర్ మెకానిక్‌కి దీంతో పని లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ వేయించండి. చెప్పులేసుకుని వాడుకుంటే సరిపోతుందిలే అనుకోవడం తప్పు.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది

మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదంతే. కేబుల్ రెండు చివర్లా గట్టిగా నొక్కండి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, వెనక కేబుల్ పెట్టే చోట్లు రెండు కనిపిస్తాయి. కార్డు మీదున్న దానికే తగిలించాలి. ఇల్లు మారినప్పుడు, పండక్కి సర్దినప్పుడు కేబుల్ పై చోటులో గుచ్చేసి ‘డిస్‌ప్లే పోయింది’ అనుకునేవాళ్లు బోలెడు మంది. మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ కూడా చూడండి, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి వీజీఏ మీద ఉంచితే ఏమీ రాదు.

విండోస్ శబ్దం వినిపిస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే రెండు కీ వరసలు గుర్తుంచుకోండి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర ఒక్కసారి మిణుక్కుమంటుంది, మీ ఫైళ్లకేమీ కాదు. దానికీ రాకపోతే విండోస్ కీతో పి నొక్కి, కాసేపాగి మళ్లీ పి, తర్వాత ఎంటర్ కొట్టండి. ఎవరో పొరపాటున తెరను లేని రెండో మానిటర్‌కు పంపేసి ఉంటే అది వెనక్కి వస్తుంది.

ఆన్ చేయగానే కూ, కూ అని బీప్‌లు వచ్చి ఆగిపోతే మొదట ర్యామ్‌ను అనుమానించండి. బీప్‌ల లెక్కకు అర్థం బోర్డును బట్టి మారుతుంది, కాబట్టి లెక్క జోలికి పోకుండా పని చేద్దాం. వైరు పీకండి. పక్క రేకు విప్పండి. కేబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ర్యామ్ రెండు చివర్లా క్లిప్పులు ఉంటాయి, కొన్ని బోర్డుల్లో ఒకవైపే. వాటిని బయటకు నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. కింద అంచున బంగారు రంగు పళ్లు కనిపిస్తాయి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్ల మీద రెండువైపులా మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టంతా తీసేయండి. నోటితో ఊదకండి, ఉమ్మి పడుతుంది, మెత్తటి బ్రష్షుతో తుడవండి. మళ్లీ పెట్టేటప్పుడు మధ్యలోని గాటు సరిగ్గా కూర్చుందో లేదో చూసి, క్లిక్‌మనేదాకా రెండు చివర్లా నొక్కాలి. రెండు ర్యామ్‌లుంటే ఒకసారి ఒకటే పెట్టి చూడండి. ఏది పెడితే ఆగిపోతుందో అదే చెడింది.

రోజూ ఆన్ చేయగానే తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోందా? దాంతోపాటు బ్యాంకు సైటు, జీమెయిల్ ఏది తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోందా? రెండూ ఒకటే జబ్బు. సైట్ల సర్టిఫికెట్లకు తేదీలుంటాయి, మీ మెషిన్ పాత తేదీలో ఉంటే అవి చెల్లనట్టు కనిపిస్తాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, నంబరు సీఆర్ 2032, 3 వోల్టులు. వాచీ రిపేరు కొట్లో కూడా దొరుకుతుంది. రాసి ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేయండి.

షట్‌డౌన్ చేస్తే ఆగినట్టు కాదు

‘రోజూ రాత్రి ఆపేస్తూనే ఉన్నానండీ’ అంటారు. నిజమే, ఆపుతున్నారు. కానీ విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కులో దాచిపెట్టి, తెల్లారి దాన్నే తీసుకొస్తుంది. కాబట్టి నిన్నటి చిక్కుముడి ఇవాళ కూడా అలాగే ఉంటుంది. రీస్టార్ట్‌లో అలా కాదు, అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

కావాలంటే చూసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి, కింద ‘అప్ టైమ్’ అని రోజులు, గంటలు, నిమిషాలు పరిగెడుతుంటాయి. నిన్న రాత్రే ఆపిన మెషిన్‌లో కూడా అక్కడ రోజుల లెక్క కనిపించవచ్చు. ఏ చిన్న తేడా కనిపించినా, శబ్దం రాకపోయినా, ప్రింటర్ కనపడకపోయినా, ముందు రీస్టార్ట్ కొట్టండి. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయాలి. ఎప్పటికీ ఈ గోల వద్దనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో చెప్పే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. సాలిడ్ స్టేట్ డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌లో దాని వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదని నా అభిప్రాయం.

బిగుసుకుపోతే

మౌస్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటే వెంటనే పవర్ బటన్ నొక్కకండి. ఒక నిమిషం ఆగండి. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉన్న దాన్ని ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. కింద టాస్క్‌బారే మాయమైతే, అదే జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని పట్టుకుని రీస్టార్ట్ అనండి. మీరు తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. ఏ కీకీ పలకనప్పుడు, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు కూడా వెలగనప్పుడు మాత్రమే పవర్ బటన్ పట్టుకుని ఆపండి.

వర్డ్‌లో టైపు చేస్తున్నది సేవ్ చేయకుండా పోయిందా? వర్డ్ తెరిచి ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, అందులో రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్‌కి వెళ్లండి. అంతా కాకపోయినా చివరి కొన్ని నిమిషాలు తప్ప దొరకవచ్చు.

నిదానించడం, వేడి, దుమ్ము

మన దగ్గర దీనికి రెండు ముఖాలున్నాయి. ఒకటి డిస్కు, రెండోది ఎండ.

టాస్క్ మేనేజర్‌లో డిస్కు అనే చోట నూటికి నూరు చూపిస్తూ, ఏ పనీ చేయకపోయినా అది దిగకపోతే మీది పాత హార్డ్ డిస్కు అయి ఉంటుంది. ర్యామ్ పెంచమని షాపువాళ్లు అంటారు. నన్నడిగితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, పదేళ్ల మెషిన్ కూడా కొత్త ప్రాణం పోసుకుంటుంది. 4 జీబీ ర్యామ్‌తో క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచేవారైతే రెండూ కావాలి. డబ్బు ఖర్చు పెట్టే ముందు టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీకి వెళ్లి, ఆన్ కాగానే తమంతట తామే లేచే ప్రోగ్రాములను డిసేబుల్ చేయండి. యాంటీవైరస్‌నీ సౌండ్ డ్రైవర్‌నీ వదిలేయండి. మిగిలినవాటిలో చాలావరకు అవసరం లేనివే.

సి డ్రైవ్ ఎర్రగా నిండిపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే, ఆ టిక్ మాత్రం ముందు తీసేయండి. ఆధార్ పీడీఎఫ్‌లు, పిల్లల హాల్ టికెట్లు అన్నీ ఉండేది అక్కడే.

ఇక ఎండ సంగతి. మే నెలలో బయట 42, 44 డిగ్రీలు కాస్తున్నప్పుడు, ఏసీ లేని గదిలో సీపీయూ లోపల ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మొత్తం ఆగిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆగిపోయి, రాత్రికి బాగా పనిచేసే మెషిన్‌కి వైరస్ లేదు, వేడి ఉంది. సీపీయూని టేబుల్ అరలో మూసి పెట్టకండి, వెనక గోడకు జానెడు ఎడం ఉంచండి.

దుమ్ము విషయంలో గుంటూరు వాళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆఫీసుల్లో సీపీయూ విప్పితే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. దాన్ని గదిలో ఊదారంటే గంటసేపు తుమ్ములే. బయట అరుగు మీద పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకుల సందుల్లో దూదిలా పేరుకున్న దుమ్మే అసలు శత్రువు, బ్రష్షుతో దాన్ని లాగండి. వాక్యూమ్ క్లీనర్ వాడకండి, స్టాటిక్ పుడుతుంది. ఊదినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది షాపులో వేయించుకోండి.

సీపీయూని నేల మీద పెట్టొద్దనడానికి దుమ్ము ఒక్కటే కారణం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన సంగతి తెలిసిందే. నీళ్లలో మునిగిన సీపీయూ పైకి ఆరినట్టు కనిపించినా స్విచ్ వేయకండి. బోర్డు మీది బురద తడి పీల్చుకునే ఉంటుంది, కరెంటు తగలగానే షార్ట్ అవుతుంది. సీపీయూ పోతే పోయింది, లోపలి డిస్కును విప్పించి డేటా రికవరీ చేసేవాళ్లకు అలాగే ఇవ్వండి. ఎండలో పెట్టడం, డ్రయ్యర్‌తో ఆరబెట్టడం లాంటివి చేయకండి.

కీబోర్డుకు దయ్యం పట్టిందనుకున్నప్పుడు

మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా నుంచి ఫోన్ వచ్చింది. ‘అన్నా, ఎక్సెల్‌లో బాణం కీ నొక్కుతుంటే గడి కదలట్లేదు, పేజీ అంతా జారిపోతోంది. టిక్కీల లెక్క రాసుకోవాలి, బయట రైతులు నిలబడున్నారు.’ కీబోర్డు మార్చేశాడట కూడా.

‘కుడివైపు పైన స్క్రోల్ లాక్ అని చూడు.’

‘లైటు వెలుగుతోంది.’

‘నొక్కు.’

అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. ‘కొత్త కీబోర్డు వాపసు తీసుకుంటాడంటావా?’

మీ కీబోర్డు మీద ఆ కీ లేకపోతే విండోస్ కీ, కంట్రోల్, ఓ నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుంది, దాంట్లో ఉంటుంది.

ఇలాంటివే ఇంకొన్ని. కుడి పక్క అంకెలు పడకపోతే నమ్ లాక్. ఒక అక్షరం కొడితే దాని కుడి పక్కనున్న అక్షరం మాయమవుతుంటే ఇన్సర్ట్ కీ పొరపాటున తగిలింది. కీలు నొక్కినా సెకను ఆగితేగానీ పడకపోతే ఫిల్టర్ కీస్ ఆన్ అయ్యాయి, కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు నొక్కితే అవి వస్తాయి, మళ్లీ అలాగే నొక్కితే పోతాయి. పుస్తకమో మోచెయ్యో ఆ కీ మీద ఆనిందంటే అంతే. షిఫ్ట్ అయిదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ అని అడుగుతుంది, వద్దనండి. అక్షరాలు హఠాత్తుగా పెద్దవైపోతే కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పారన్నమాట, బ్రౌజర్‌లో కంట్రోల్, సున్నా నొక్కితే మామూలుకొస్తుంది. తెరే తలకిందులైతే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఓరియెంటేషన్‌ని ల్యాండ్‌స్కేప్ చేయండి. మౌస్ అటు తోస్తే ఇటు పోతుంది కాబట్టి మానిటర్‌ని తిప్పి పెట్టుకుని చేయడం తేలిక, నవ్వేవాళ్లు నవ్వనీ.

ప్రింటర్

ఒక కాగితం ఇరుక్కున్నాక ఎన్ని ప్రింట్లు ఇచ్చినా క్యూలో పేరుకుంటాయి, డిలీట్ కొట్టినా ‘డిలీటింగ్’ అంటూ కూర్చుంటుంది. ప్రింటర్ ఆపండి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. జాబితాలో ప్రింట్ స్పూలర్ ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ అనండి. ఇప్పుడు సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్ 32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్. దాంట్లో ఉన్నవన్నీ తీసేయండి, ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోకండి. వెనక్కొచ్చి స్పూలర్‌ని స్టార్ట్ చేసి, ప్రింటర్ ఆన్ చేయండి. పెళ్లి కార్డుల సీజన్‌లో డీటీపీ సెంటర్లలో రోజుకోసారైనా అక్కరకొచ్చే పని ఇది.

ప్రింట్ ఇస్తే పీడీఎఫ్‌గా సేవ్ చేయమంటోందంటే డిఫాల్ట్ ప్రింటర్ మారిపోయింది. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీలో, డిఫాల్ట్‌ను విండోసే చూసుకుంటుందనే స్విచ్‌ని ఆపేసి మీ ప్రింటర్‌ని మీరే ఎంచుకోండి.

తెలుగు గజిబిజి

ప్రెస్సు నుంచి వచ్చిన వర్డ్ ఫైల్ మీ ఇంట్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే ఫైల్ పాడైనట్టు కాదు. అది అనూ ఫాంట్లలో టైపు చేసింది. ఆ పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడులే, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోతే తొడుగు ఊడి అసలు రూపం కనిపిస్తుంది. చదవడానికే అయితే వాళ్లను పీడీఎఫ్ పంపమనండి. దిద్దాలంటే యూనికోడ్‌లోకి, అంటే ఏ మెషిన్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్పించుకోండి, మార్చాక ఒత్తులు, సున్నాలు తప్పకుండా ఒకసారి చదివి చూడండి.

మీరు కొత్తగా టైపు చేసేవారైతే యూనికోడే మేలు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు దానితోపాటే వస్తోంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చండి, దాని ఆప్షన్స్‌లో యాడ్ కీబోర్డ్ అని తెలుగు ఫొనెటిక్‌ని ఎంచుకోండి. ఇంగ్లిష్‌లో ఎలా పలుకుతామో అలా కొడితే తెలుగు పడుతుంది. విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి తగిలినా మారుతుంది, అందుకే తెలుగు పెట్టాక కొందరికి ఉన్నట్టుండి పాస్‌వర్డ్ తప్పంటుంది. గడియారం పక్కన ఏ భాష గుర్తు ఉందో చూసుకోండి.

రోజూ పనికొచ్చే షార్ట్‌కట్లు

కాపీ, పేస్ట్ అందరికీ తెలుసు. తెలియనిది విండోస్ కీ, వి. దీన్ని ఒకసారి ఆన్ చేసుకుంటే ఇటీవల కాపీ చేసిన పాతికదాకా అంశాలు వరుసగా కనిపిస్తాయి. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒక్కోసారి వెళ్లి తెచ్చుకోనక్కర్లేదు. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేవాళ్లకు ఇదొక్కటి చాలు. పక్కన ఇంకొకరు కూర్చునే మెషిన్‌లో మాత్రం పాస్‌వర్డ్ కాపీ చేయకండి, అదీ ఆ జాబితాలోనే ఉంటుంది.

తెరలో కావలసిన ముక్క ఫోటో తీయడానికి విండోస్ కీ, షిఫ్ట్, ఎస్. పొరపాటున మూసిన ట్యాబ్ మళ్లీ రావడానికి కంట్రోల్, షిఫ్ట్, టి. ఫైల్ పేరు మార్చడానికి ఎఫ్2. ఎక్సెల్‌లో ఒకే గడిలో రెండో లైనుకు ఆల్ట్, ఎంటర్, ఇవాళ్టి తేదీకి కంట్రోల్, సెమికోలన్. లేచి టీకి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్, మెషిన్‌కి తాళం పడుతుంది. షిఫ్ట్, డిలీట్ అలవాటు చేసుకోకండి, అది రీసైకిల్ బిన్‌లో ఆగకుండా నేరుగా పోతుంది.

జిరాక్స్ షాపుకు వెళ్లొచ్చిన పెన్ డ్రైవ్

తెరిస్తే ఫైళ్లన్నీ పోయి ఒకటో రెండో షార్ట్‌కట్లు మాత్రమే ఉంటే, ఆ షార్ట్‌కట్‌ని నొక్కకండి. నొక్కితే వైరస్ మీ మెషిన్‌లోకి వచ్చేస్తుంది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాచిపెట్టి ఉన్నాయి. ముందు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ పేజీకి వెళ్లి, దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్ తీసేయండి. మీ ఫైళ్లు లేత రంగులో కనిపిస్తాయి. మీ పత్రాలు, ఫోటోలు మాత్రమే కంప్యూటర్‌లోకి తీసుకుని, పెన్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, ఆ టిక్ మళ్లీ పెట్టేయండి. ప్రింట్‌కి వెళ్లేటప్పుడు పని అయ్యే ఫైల్ ఒక్కటే పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లడం ఇంకా మంచిది.

తెర నిండా ఎర్ర అక్షరాలు, కంప్యూటర్ లాక్ అయిందని అరిచే గొంతు, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని హెచ్చరిక వస్తే అది వైరస్ కాదు, ఒట్టి వెబ్ పేజీ. ఫోన్ చేయకండి. ఆల్ట్, ఎఫ్4 నొక్కండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అంటే వద్దనండి. ఎవరో చెప్పారని తెర పంచుకునే యాప్ వేసి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

నెట్ రాకపోతే కంప్యూటర్‌ని తిట్టే ముందు ఫైబర్ పెట్టె చూడండి. ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా ఉంటే తప్పు లైనులో ఉంది, కేబుల్ ఆపరేటర్‌కి చెప్పడం తప్ప మీరు చేయగలిగింది లేదు. ఎర్ర లైటు లేకుండా, ఫోన్‌లో అదే పెట్టె వైఫైతో నెట్ వస్తూ సీపీయూలో మాత్రం రాకపోతే వైరు తీసి పెట్టి, రీస్టార్ట్ చేయండి.

షాపుకు ఇవ్వక తప్పకపోతే

డిస్కు టిక్, టిక్ అని చప్పుడు చేస్తుంటే, ఎస్‌ఎంపీఎస్ నుంచి కాలిన వాసన వస్తే, నీళ్లు తగిలితే మీ ప్రయోగాలు ఆపేయండి.

‘విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి’ అన్నది షాపుల్లో తరచూ వినిపించే మాట. వాళ్లకు అరగంటలో తేలిపోయే పని కాబట్టి అలా అంటారు. వెంటనే తలూపకండి. విండోస్ తెరుచుకోకపోయినా నీలం తెర దాకా వస్తే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో స్టార్టప్ రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సిస్టమ్ రీస్టోర్ ఉంటాయి. నిన్న అప్‌డేట్ పడ్డాకే మొదలైతే ఆ రెండోది చేసి చూడండి. తప్పదు, ఫార్మాటే అంటే, డెస్క్‌టాప్ మీదున్నవీ డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ సి డ్రైవ్‌లోనే ఉంటాయని గుర్తుంచుకోండి. ‘డి డ్రైవ్ ముట్టుకోం’ అంటే అవి మిగులుతాయని కాదు. ట్యాలీ డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో మీ ఆడిటర్‌ని అడిగి, దాన్నీ విడిగా కాపీ చేయించుకోండి.

ఇంకా విండోస్ 10 మీదే ఉన్నవాళ్లకు ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పై ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాత మెషిన్ మీద ఎవరో అడ్డదారిలో 11 వేసిస్తానంటే, తర్వాత అప్‌డేట్లు రావచ్చు, రాకపోవచ్చు అని తెలుసుకునే ఒప్పుకోండి.

పంపే ముందు తెర మీద వచ్చిన మెసేజ్‌ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి. ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం కొత్తగా వేశారు, కరెంటు పోయిందా, మీరు ఇప్పటికే ఏమేం చేసి చూశారో ఒక కాగితం మీద రాసి సీపీయూకి అంటించండి. మానిటర్, కీబోర్డు మోసుకెళ్లొద్దు. లోపల ఎంత ర్యామ్, ఏ డిస్కు ఉన్నాయో రాసుకుని, వీలైతే రేకు విప్పి ఒక ఫోటో తీసుకోండి. ఏదైనా మార్చితే పాత సామాను తిరిగి ఇమ్మని ముందే చెప్పండి, కొత్తదాని బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోండి. తెచ్చుకునే ముందు అక్కడే ఆన్ చేయించి, మీ ఫైళ్లు రెండు మూడు తెరిచి చూసుకున్నాకే డబ్బులివ్వండి.